గాడి దగ్గర మెడచట్రం: ఎవరికి పనికివస్తుంది, ఎట్లాంటిది కొనాలి?



మేత వేయడం వేరు, వేసిన మేత ప్రతి పశువు కడుపులోనికి పోవడం వేరు. పది గొడ్లను విప్పి వదిలిన కొట్టంలో దాణా పోసి చూడండి. బలమైన బర్రె తన వంతు తిని పక్కదాని వంతు మీదికి పోతుంది. తొలిచూలు పడ్డ, కొత్తగా తెచ్చిన ఆవు వెనుకకు జరిగి నిలబడతాయి. ఖర్చు పదింటికి పెట్టితిమి, పాలు ఏడింటివే వచ్చె. లోపం దాణాలో లేదు, గాడి దగ్గర ఉంది.

ఇందుకు పెద్దలు చేసిన ఉపాయం మెడకు పలుపు, నేలలో గుంజ. రెండు మూడు పశువులున్న ఇంటికి ఈనాటికీ అదే చాలు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అట్లాంటి ఇండ్లే ఎక్కువ. వారు కొత్త సామానుకు డబ్బు పెట్టనక్కరలేదు. కాని ఎనిమిది పది పశువులు పెంచుతూ, వాటిని కొట్టంలో విడిగా తిరగనిచ్చే వారికి మాత్రం గాడి ముందర మెడచట్రం ఉపయోగపడుతుంది. దుకాణాలలో దీనిని హెడ్‌లాక్ అంటారు.

ఇది పనిచేసే తీరు సులభమే. గాడి పొడుగునా ఇనుప గొట్టాల కంచె ఉంటుంది. ఒక్కొక్క పశువుకు రెండు నిలువు గొట్టాలు. ఒకటి కదలదు, రెండవది నడుమ ఇరుసు మీద ఊగుతుంది. పశువు పైన వెడల్పు సందులో తల పెట్టి మేతకు వంచగానే మెడ తగిలి ఊగే గొట్టం అడుగు భాగం పక్కకు పోతుంది, పై భాగం వచ్చి గడియలో పడుతుంది. ఇక తల వెనుకకు రాదు. చివరనున్న పిడి తిప్పితే అన్ని గడియలూ ఒకేసారి ఊడుతాయి.

దీనివల్ల లాభమేమిటి? ఎవరి వంతు వారు తింటారు. రెండవది, ఒక్క మనిషి పని జరుపుకోవచ్చు. మగవాళ్ళు వలస పోయి, ఇంటి దగ్గర ఆడవాళ్ళు, ముసలివాళ్ళు మిగిలిన ఇండ్లలో ఇది చిన్న మాట కాదు. గాలికుంటు టీకా 6 నెలలకొకసారి వేయించాలి కదా! 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ టీకా ఉచితంగా వేస్తున్నారు. వేసేవారు వచ్చిననాడు పది గొడ్లను తరిమి పట్టే బాధ ఉండదు. మూడవది, పాలు పిండగానే పశువు పడుకుంటే, ఇంకా మూసుకోని చనుమొన రంధ్రం పేడకు తగిలి పొదుగువాపు రావచ్చును. అరగంట సేపు మేత ముందర నిలబెట్టితే ఆ భయం తగ్గుతుంది.

ఇక కొనే ముందు చూడవలసినవి.

అన్నిటికంటె ముఖ్యం, పశువు పడిపోతే ఏమవుతుందనేది. తడిసిన బండల మీద కాలు జారి, మెడ చట్రంలో ఉండగానే పశువు కూలిందనుకోండి. మెడ మీద బరువు పడి ఊపిరి ఆడక నిమిషాలలో ప్రాణం పోగలదు. కనుక అడుగున కూడా తెరుచుకునే రకమే కొనండి. ఒక్కొక్క గడియ విడిగా ఊడేట్లు ఉండాలి. దుకాణంలోనే గడియ వేయించి, ఒక మనిషిని ఆ గొట్టం పట్టి బలంగా గుంజమనండి. మీరు ఒక చేత్తో గడియ తీసి చూడండి. బరువు మీద ఊడని గడియ ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

తరువాత కొలతలు. పెద్ద పశువుకు గాడి దగ్గర 60 నుండి 75 సెంటీమీటర్ల చోటు కావాలి. మనిషి లెక్కన రెండు, రెండున్నర అడుగులు. పది పశువులకు 75 చొప్పున ఏడున్నర మీటర్ల గాడి. సంకరజాతి ఆవుకు మెడ దగ్గర సందు సుమారు 18 నుండి 20 సెంటీమీటర్లు ఉంటుంది. కాని పుస్తకం కొలత నమ్మి ఊరుకోవద్దు. మీ మందలో అన్నిటికంటె పెద్దదానిని, చిన్నదానిని కొలవండి. సందు మెడ కంటె రెండు వేళ్ళు వదులుగా ఉండాలి, తల కంటె ఇరుకుగా ఉండాలి. పెద్దవాటి చట్రంలో పెయ్యదూడ తల జారి బయటికి వస్తుంది, లేదా భుజం దాకా దూరి ఇరుక్కుంటుంది. దూడలకు వేరే వరుస పెట్టండి, లేదా సందు జరుపుకునే రకం తీసుకోండి.

మూడవది కొమ్ములు. ముర్రా బర్రె కొమ్ములు చుట్టుకొని ఉంటాయి కనుక ఇబ్బంది తక్కువ. నాటు బర్రెల కొమ్ములు చాచుకొని ఉంటాయి. లోపలికి పోయిన తల బయటికి రాదు. వాటికి పలుపే మేలు. నల్లమలలో అమ్రాబాదు వైపు అడవిలో మేసి తిరిగే పొడ తూర్పు పశువులకు ఇట్లాంటి చట్రం తలపెట్టనే వద్దు. చట్రం పెట్టదలచినవారు, పుట్టిన రెండు మూడు వారాలలోపే దూడల కొమ్ము మొలకలను పశువైద్యునిచేత, మత్తుమందు ఇప్పించి, కాల్పించడం మంచిది.

బిగించిన తరువాత కొన్ని దినాలు గడియలు వేయకుండా వదలండి. పశువు జంకు తీరి తల పెట్టడం నేర్చిన పిమ్మట పది నిమిషాలు వేసి చూడండి. అలవాటైనా గంటకు మించి కట్టడి చేయవద్దు. చట్రంలో ఉన్న పశువు నీళ్ళకు పోలేదు, పడుకోలేదు. మన వైపు ఎండాకాలం ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఆ వేళ ఇనుము కాలుతుంది, పశువు రొప్పుతుంది. కాబట్టి గాడి మీద నీడ ఉండాలి. మధ్యాహ్నం గడియ వేయకూడదు. గడియ వేసినంతసేపు మనిషి అక్కడే ఉండాలి. మూత్రం, కడిగిన నీళ్ళు తగిలే చోట గొట్టం మొదలు తుప్పు పడుతుంది. నెలకొకసారి తట్టి చూసుకోండి.

ఒక మాట గుర్తుంచుకోండి. పలుపు అయితే ఆపదలో కొడవలితో కోయవచ్చు, ఇనుమును కోయలేము. అందుకని కొనే దినాన గడియ ఎంత గట్టిగా పడుతుందని అడిగే ముందు, ఎంత తొందరగా ఊడుతుందని అడగండి.