వేగపు బండి, స్వల్ప వ్యయము

గుంటూరు నుండి గుంతకల్లు వరకు ఇనుపదారి సుమారు 400 కిలోమీటర్లు. వేగరైళ్ల కొరకే ప్యారిసు నుండి లియాన్ నగరమునకు వేసి, 1981లో నడుపనారంభించిన దారియు ఇంచుమించు అంతే దూరము. మన దారిమీద ఎక్స్‌ప్రెస్సు బండికి సైతము ఏడెనిమిది గంటలు పట్టును. ఆ దారిని అక్కడి బండి రెండు గంటలలో ముగించును. ఈ పోలిక వినగానే మార్కాపురము, కంభము, గిద్దలూరు శ్రోతల మనస్సు వేగము మీదికి పోవుట సహజము. నేను చెప్పబూనినది వేగమును గురించి కాదు, దానికి చెల్లించు వెలను గురించి. మన ప్రాంతపు పిల్లలును జర్మనీ మొదలగు దేశములకు చదువులకై పోవుచున్నారు. బ్యాంకు అప్పుతో పోయిన వారికి, వారిని చూచి రాదలచిన తల్లిదండ్రులకు ఈ లెక్క తెలిసియుండుట మేలు.

మన దారి పాతది. 19వ శతాబ్దపు చివరి భాగమున సదరన్ మరాఠా రైల్వే కంపెనీవారు నల్లమల గుండా మీటరుగేజి పట్టాలు వేసిరి. లోయ దాటుటకు దొరబావి వంతెన కట్టిరి. 1990 దశకమున బ్రాడుగేజి వచ్చినప్పుడు దారి మార్చుటచే ఆ వంతెనకు పని లేకపోయినది. గేజి మారినను ఒక పద్ధతి మాత్రము మారలేదు. మన పాసింజరు బండికి ఛార్జీ దూరమును బట్టి ఉండును. మార్కాపురము రోడ్డు స్టేషనులో బండి కూత వినబడిన తరువాత కిటికీలో చేయిపెట్టిన వానికిని, తెల్లవారకముందే వచ్చి బల్లమీద కూర్చున్న వానికిని టిక్కెట్టు వెల ఒక్కటే. రిజర్వేషను 60 దినములు ముందుగా దొరకును గాని, ముందు కొన్నవానికి దక్కునది బెర్తు, తగ్గింపు కాదు. 2016లో రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లకు సీట్లు నిండుకొలది ఛార్జీ పెరుగు పద్ధతిని మన దేశమునను ప్రవేశపెట్టిరి. పాసింజరు ఎక్కు మనకు అది అనుభవములో లేని విషయము.

ఈ అలవాటుతోనే నేను జర్మనీలో చదువుచున్న మా అమ్మాయిని చూడబోయితిని. ఒకనాడు మరియొక నగరమునకు పోవలసి వచ్చి, బయలుదేరు ఉదయముననే స్టేషనుకు పోయి టిక్కెట్టు అడిగితిని. కిటికీలోని ఉద్యోగి చెప్పిన అంకెను అమ్మాయి రెండుమారులు అడిగి తెలిసికొన్నది. అది ఆమె వారము దినముల వంటసరుకుల ఖర్చు. "నాన్నగారూ, నెల క్రిందట కొనియున్నచో ఇందులో మూడవ వంతు కూడ కాకపోవును" అన్నది. ఆమె మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే నాకు మరింత సిగ్గైనది.

ఐరోపాలోని వేగరైళ్ల ఛార్జీ మన మార్కాపురపు పలకమీద వ్రాసిన అంకె వంటిది. తుడుతురు, మరల వ్రాయుదురు. కొన్ని నెలలు ముందుగా అమ్మకము తెరచిననాడు చిన్న అంకె ఉండును. ఆ వెలకు కేటాయించిన సీట్లు అయిపోగానే పెద్ద అంకె వచ్చును. శుక్రవారము సాయంకాలము, ఆదివారము, పండుగ సెలవులు ప్రియము. మంగళ, బుధవారముల మధ్యాహ్నము చౌక. ఒకే దారిమీద ఇద్దరు ముగ్గురు వ్యాపారులున్నచోట ప్రయాణికునికి లాభము. ఇటలీలో 2012లో ఇటాలో అను ప్రైవేటు సంస్థ బండ్లు నడుపనారంభించిన పిమ్మటను, స్పెయినులో మాడ్రిడ్, బార్సెలోనాల నడుమ 2021లో వీగో, 2022లో ఇర్యో వచ్చిన పిమ్మటను ఛార్జీలు దిగివచ్చినవి. వీగో అనునది ఫ్రాన్సు ప్రభుత్వ రైల్వేవారు 2013లో పెట్టిన చౌకబండి. అందులో ఒక చిన్నపెట్టె, ఒక చేతిసంచి మాత్రమే ఉచితము. మనవారు ఇంటినుండి మోసికొనిపోవు ఆవకాయ జాడీ, బియ్యపు మూట ఈ లెక్కలో ఇమడవు. అదనపు పెట్టెకు సొమ్ము ముందే కట్టవలెను.

యువకులకు వేరుగా సదుపాయములు కలవు. ఫ్రాన్సులో 27 ఏండ్ల వరకు గలవారు ఏడాదికొక కార్డు కొన్నచో వేగరైళ్లలో 30 శాతము తగ్గింపు లభించును. జర్మనీలో నూటికి ఇరువదియైదు తగ్గించు కార్డు ఉన్నది. గడువులోపల వద్దని వ్రాయనిచో అది తనంతట తానే మరుసటి ఏటికి సాగి, సొమ్ము కోరును!

ఇక పాసుల సంగతి. 1959లో ఆరంభమైన యూరెయిల్ పాసు ఐరోపా వెలుపల నివసించువారికి. 1972లో పుట్టిన ఇంటర్‌రెయిల్ అక్కడ నివాసమున్నవారికి. కనుక విద్యార్థికి ఒకటి, చూడబోయిన తండ్రికి మరియొకటి. పాసు చేతనున్నంత మాత్రమున ప్రతి వేగరైలులోను కూర్చుండుటకు వీలులేదు. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను దేశముల వేగరైళ్లలో సీటుకు వేరుగా చెల్లింపవలెను. జర్మనీ వేగరైళ్లలో సాధారణముగా ఆ నిర్బంధము లేదు. కొద్ది దినములలో అనేక నగరములు తిరుగువానికి పాసు గిట్టుబాటగును. రెండు మూడు ప్రయాణములు మాత్రమే చేయువానికి ముందుగా కొన్న విడి టిక్కెట్లే మేలు.

మన పాసింజరు వంటిది అక్కడ లేదా అని మీరడుగవచ్చును. ఉన్నది. జర్మనీలో 2023 మే నెలలో నెలకు 49 యూరోల టిక్కెట్టు ఒకటి వచ్చినది. 2025లో దానిని 58 యూరోలు, 2026 జనవరి నుండి 63 యూరోలు చేసిరి. దానితో దేశమంతట ప్రాంతీయ బండ్లు, పట్టణపు బస్సులు, ట్రాములు ఎక్కవచ్చును. వేగరైలు మాత్రము ఎక్కరాదు. హాంబర్గు నుండి మ్యూనిక్కు వేగరైలులో సుమారు ఆరు గంటల దారి. ఈ టిక్కెట్టుతో బండి మీద బండి మారుచు పోయినచో పగలంతయు గడచిపోవును. మా అమ్మాయి అట్లే తిరుగును, ఒడిలో పుస్తకము పెట్టుకొని. నెలసరి చందా కనుక, వద్దనుకొన్నచో ఆ నెల 10వ తేదీలోపల తెలుపవలెను.

చౌక టిక్కెట్టుకు షరతులు కఠినము. ఏ బండికి కొంటిమో ఆ బండియే ఎక్కవలెను. ఫ్రాన్సులో వేగరైలు తలుపులు బయలుదేరుటకు రెండు నిమిషములు ముందే మూసివేయుదురు. మన గిద్దలూరులో కదలుచున్న బండిని పట్టుకొన్న నేర్పు అక్కడ పనికిరాదు, ఇక్కడ కూడ అది ప్రమాదకరమే. ఆలస్యము రైల్వేవారిదైనచో మాత్రము ప్రయాణికునికి హక్కులు కలవు. ఐరోపా సమాఖ్య నియమముల ప్రకారము గంట ఆలస్యమైనచో ఛార్జీలో నాలుగవ వంతు, రెండు గంటలైనచో సగము తిరిగి పొందవచ్చును. దరఖాస్తు మనమే పంపవలెను. పంపనివారే ఎక్కువ.

పరీక్షలు ముగిసిన పిమ్మట లియాన్ నగరము చూడవలెనని మా అమ్మాయి మూడు నెలలు ముందుగా మిక్కిలి చౌకగా టిక్కెట్టు కొన్నది. వెల తెలుపుచు నాకు సంతోషముతో ఉత్తరము వ్రాసినది. ప్రయాణపు తెల్లవారుజామున ఆమెకు జ్వరము వచ్చినది. ఆ టిక్కెట్టు తిరిగి తీసికొనునది కాదు.