గస్తీ నౌకకు ఆయుష్షు పోసేది

  రూపకల్పన, ఇంజన్లు, నిర్వహణ, విరమణ అని ఆహ్వానపత్రంలో నాలుగు అంశాలు వేశారు. వరసగా చెబుతాను.

1977 ఫిబ్రవరి 1న కోస్ట్‌గార్డ్ మొదలైనప్పుడు నేవీ ఇచ్చిన రెండు పాత ఫ్రిగేట్లూ, అయిదు గస్తీ పడవలే దాని ఆస్తి. మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన గస్తీ నౌక రాణీ అబ్బక్క 2012 జనవరిలో దళంలో చేరింది. తరవాత అదే నమూనాలో అవంతీబాయి, దుర్గావతి, గైడిన్‌ల్యూ, రాష్‌మోణి వచ్చాయి. పొడవు 51 మీటర్లు, మూడు డీజిల్ ఇంజన్లు, వేగం 34 నాట్లు. ప్రొపెల్లర్లు లేవు, వాటర్‌జెట్లే. అడుగున బయటికి పొడుచుకొచ్చేదేమీ ఉండదు కాబట్టి లోతు తక్కువ నీళ్ళలోకీ వెళ్ళగలవు. రూపకల్పన, ఇంజన్లు అయినట్టే.

ఇక నిర్వహణ. ఇక్కడ కాస్త నిలబడతాను. అడుగున బిగించే జింకు దిమ్మల గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు. ఉప్పునీళ్ళలో రెండు రకాల లోహాలు కలిసి ఉంటే అక్కడ కరెంటు పుడుతుంది, వాటిలో ఒకటి కరిగిపోతుంది. జెట్‌లో తిరిగే ఇంపెల్లర్ స్టెయిన్‌లెస్ స్టీలు, దాని పక్కన మామూలు స్టీలు ప్లేటు. మధ్యలో జింకు లేకపోతే ఆ ప్లేటుకి గుంటలు పడతాయి. జింకు ఉంటే ముందు అది కరిగిపోతుంది, ప్లేటు నిలుస్తుంది. డ్రై డాక్‌లో నీళ్ళు తోడాక సగం కరిగిన దిమ్మ కనిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. కొత్తదానిలా ఉంటే భయం వేసేది.

ఒక యార్డులో, పేరెందుకు, పెద్దల తనిఖీ ఉందని దిమ్మలన్నిటికీ నీటుగా పెయింటు కొట్టారు. పెయింటు పడ్డ జింకు చచ్చిన జింకే! నీళ్ళు తగలనిదే అది పనిచేయదు. మేస్త్రీ మొత్తుకున్నా ఎవరూ వినలేదు. మరుసటి డాకింగులో ప్లేట్లు కోసి కొత్తవి వేయాల్సి వచ్చింది. ఇప్పటి పిల్లలు లెక్కల్లో మాకన్నా దిట్టలు, అందులో అనుమానం లేదు. కానీ టార్చి పట్టుకుని పడవ కిందికి దూరేవాళ్ళు తగ్గిపోయారు. మందం కొలిచిన అంకె కంప్యూటర్లో కనబడుతుంది, నిజమే. సుత్తితో తడితే వచ్చే చప్పుడు దాన్లో రాదు.

చీటీ వచ్చింది, అయిదు నిమిషాలట. విరమణ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఇలాంటి నౌక 20, 25 ఏళ్ళు పనిచేస్తుంది. ప్లేట్లు మార్చే ఖర్చు మితిమీరితే పంపించేస్తారు.

వెనక వరసలో ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చినవాళ్ళు కనిపిస్తున్నారు. అయ్యా, మీది ఫైబర్ బోటైనా షాఫ్టు, ప్రొపెల్లర్ లోహమే. ఈసారి బోటు ఒడ్డుకి లాగినప్పుడు షాఫ్టు మీది జింకు చూడండి. సగానికి సగం అరిగితే మార్చండి. రంగు మాత్రం వేయించకండి.