గుమాస్తాగిరి నుండి పెత్తనమునకు

మన పట్టణములలోనే గాక, ఒక మాదిరి పెద్ద ఊళ్లలో సైతము, ఈనాడు కొన్ని ఇండ్లలో ఒక క్రొత్త ఉద్యోగము నడచుచున్నది. దానికి బోర్డు లేదు, బంట్రోతు లేడు, పది గంటలకు గంట కొట్టరు. పిల్లలను బడికి పంపిన తరువాత ఒక గృహిణి, కళాశాల చదువు ముగించిన ఒక యువకుడు, పదవీ విరమణ చేసిన ఒక బ్యాంకు ఉద్యోగి కంప్యూటరు ముందు కూర్చుండి, ఎన్నడును ఎదురుపడి చూడని యజమానికి పని చేయుదురు. ఆ యజమాని మెల్‌బోర్నులో ఉండవచ్చును, న్యూయార్కులో ఉండవచ్చును, హైదరాబాదులోనే మూడు వీధుల అవతల ఉండవచ్చును. ఉత్తరములకు జవాబులు వ్రాయుట, సమావేశములకు వేళలు కుదుర్చుట, బిల్లులు పంపుట, ప్రయాణపు టిక్కెట్లు కొనుట, ప్రకటనలను వేళకు వెలువరించుట వారి పనులు. ఇట్టివారిని వర్చువల్ అసిస్టెంటులందురు. ఈ పేరు అమెరికాలో 1990ల నడుమ వాడుకలోనికి వచ్చినది. తరువాత 2008లో కెనడాకు చెందిన టీనా ఫోర్సైత్ అను ఆమె, ఆన్‌లైన్ బిజినెస్ మేనేజరు కావలెనన్న ఏమి చేయవలెనో తెలుపు గ్రంథమొకటి ప్రచురించిరి. అప్పటి నుండి ఆ రెండవ పేరు కూడ వ్యాపించినది.

ఈ రెండు పేర్ల నడుమ నున్న దూరమును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచినాము.

అసిస్టెంటుగా నాలుగైదేండ్లు పనిచేసినవారు మేనేజరు కావలెనని కోరుట సహజము. గంటల లెక్కన ప్రతిఫలము పుచ్చుకొనువారు ఎంత నేర్పు సంపాదించినను, దినమునకు ఇరువదినాలుగు గంటలకు మించి అమ్ముకొనలేరు గదా. దీనికి తోడు, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత, చిన్న ఉత్తరములు వ్రాయుట, సమావేశపు సారాంశము తీయుట వంటి పనులను యంత్రమే చేసిపెట్టుట మొదలైనది. చేతిపనికి ఇక ధర నిలుచునా అను భయము పుట్టినది. ఆ భయము నిరాధారమని మేమనము. కాని భయపడి ఎక్కబోవు మెట్టు ఎట్టిదో ముందుగా తెలిసికొనుట మంచిది. ఈ విద్య నేర్పుదుమని రుసుము పుచ్చుకొను శిక్షణలు ఇంటర్నెట్టులో కొల్లలుగా ఉన్నవి. మేనేజరగుటకు ప్రభుత్వపు లైసెన్సు గాని విశ్వవిద్యాలయపు పట్టము గాని అక్కరలేదు. కనుక నేర్పుటకును ఎవరికి అడ్డు లేదు. వాటి ప్రకటనలలో ఆదాయము పెరుగు సంగతి పెద్ద అక్షరములతో ఉండును. తక్కిన సంగతులు రుసుము చెల్లించిన తరువాత తెలియును, ఒక్కొక్కప్పుడు అప్పటికిని తెలియవు.

అసలు భేదము పూచీలో ఉన్నది. అసిస్టెంటు యజమానిని “ఏమి చేయమందురు?” అని అడుగును. మేనేజరు మాత్రము ఏమి జరుగవలెనో, ఎవరు చేయవలెనో, ఎన్నటికి కావలెనో, కాకపోయినచో ఏమి దారియో తానే చెప్పవలెను. దీనికి మా రేడియో కేంద్రపు సంగతియే ఉదాహరణగా చెప్పవచ్చును. అనౌన్సరు తన వాక్యమును స్పష్టముగా, వేళకు పలికినచో అతని పని ముగిసినట్లే. డ్యూటీ ఆఫీసరు సంగతి వేరు. ప్రసంగకర్త రాలేదా, రికార్డింగు దొరకలేదా, వేరొక కేంద్రము నుండి రావలసిన రిలే అందలేదా, ఆ నిమిషమున శ్రోతలకు ఏమి వినిపింపవలెనో అతడే తేల్చవలెను; తేల్చిన సంగతి లాగ్ పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. మేము ఈ రెండు కుర్చీలలోను కూర్చున్నవారమే. మొదటి కుర్చీ నుండి లేచి ఇంటికి పోవునప్పుడు ఈ దినము ఇంత పని చేసితిమి అను తృప్తి ఉండెడిది. రెండవ కుర్చీలో ఏమియు జరుగని దినమే మంచి దినము. ఏమియు జరుగనందుకు మెచ్చుకొనువారు మాత్రము లేరు.

ఇప్పుడొక ఉదాహరణ కల్పించుకొందము. న్యూయార్కులో ఒక శిక్షకురాలు చిన్న వ్యాపారులకు జమాఖర్చులు నేర్పు పాఠములను ఇంటర్నెట్టులో అమ్ముచున్నదనుకొనుడు. ఏడాదికి రెండుసార్లు అమ్మకము తెరచును. మొదట అందరికిని ఉచితముగా ఒక ప్రసంగము. అది ముగిసినంతనే అమ్మకము. ఐదు దినముల పిమ్మట అర్ధరాత్రికి మూత. విజయవాడలో ఒకామె ఆమెకు మూడేండ్లుగా అసిస్టెంటు. ఈ ఉత్తరమును ఈ వేళకు పంపుము, ఈ చిత్రమును ఇచ్చట పెట్టుము అని జాబితా వచ్చును, జాబితా పూర్తి చేయును, నిద్రపోవును.

మేనేజరు పేరు వచ్చిన తరువాత ఆ జాబితాను ఆమెయే తయారు చేయవలెను. అమ్మకపు తేదీ నుండి వెనుకకు ఎనిమిది వారములు లెక్కించి, ఉత్తరములు ఎవరు వ్రాయుదురు, చిత్రములు ఎవరు గీయుదురు, సొమ్ము పుచ్చుకొను పేజీని నిజమైన కార్డుతో ఎవరు పరీక్షింతురు అని పంచవలెను. అమెరికాలో 2003 నాటి కాన్-స్పామ్ చట్టము ప్రకారము, వ్యాపారపు ఉత్తరములు వలదన్నవారి పేరును పది పనిదినములలోగా జాబితా నుండి తొలగింపవలెను. నిన్నటి వరకు ఆమెకు ఈ చట్టము పేరు తెలియకున్నను నష్టము లేకుండెను. ఇక గడియారము సంగతి. న్యూయార్కులో వేసవియందు గురువారము రాత్రి 8 గంటల ప్రసంగమనగా విజయవాడలో శుక్రవారము తెల్లవారుజామున 5-30. శీతకాలమున అదియే 6-30. అమెరికాలో మార్చి రెండవ ఆదివారమున గడియారములను ఒక గంట ముందునకు, నవంబరు మొదటి ఆదివారమున ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. మనము త్రిప్పము. ఆ ఆదివారము అమ్మకపు వారములో పడినదా, విజయవాడ వేళ చొప్పున ముందే కుదిర్చిపెట్టిన ఉత్తరములలో ఆ తరువాత పోవలసినవన్నియు ఒక గంట తప్పిపోవును. ఆ సంగతి గుర్తుంచుకొనవలసినది ఎవరని ఇదివరలో ఎవరును అడుగలేదు. ఇప్పుడు అడుగుదురు.

సరే, అమ్మకము తెరచిరి. నలుబది నిమిషములకు కొనువారి ఉత్తరములు మొదలైనవి: కార్డు చెల్లుటలేదు, సొమ్ము రెండుసార్లు తీసికొన్నారు, పాఠముల ద్వారము తెరచుకొనుటలేదు. శిక్షకురాలు అప్పటికింకను శ్రోతల ప్రశ్నలకు జవాబులు చెప్పుచున్నది. ఆమెను పిలుచుటకు వీలు లేదు. గడువును ఒక దినము పొడిగింపవచ్చునా? రెండుసార్లు తీసికొన్న సొమ్మును వెంటనే తిరిగి ఇచ్చివేయవచ్చునా? క్షమాపణ ఉత్తరము ఎవరి పేర పోవలెను? తానే నిర్ణయించినచో “నీకెవరు చెప్పిరి?” అను ప్రశ్న రావచ్చును. ఊరకున్నచో “మేనేజరువై యుండి ఊరకుంటివేల?” అను ప్రశ్న తప్పదు. ఈ పనిలో దాగియున్న కష్టములలో దీనిని మించినది లేదని మా అభిప్రాయము. పెత్తనము ఇచ్చిరి, దేనిమీద, ఎంతవరకు అన్నది ఇయ్యలేదు.

ఇట్టి సమయములందు పాత అలవాటు ఒకటి చేయిపట్టి లాగును. ఆ పేజీని బాగుచేయుట ఆమెకు తెలిసిన పనియే. ఇంకొకరిని నిద్రలేపి చెప్పుటకంటె తాను చేయుట ఐదు నిమిషముల పని. చేయును. మరునాడును చేయును. కొన్ని వారములు గడచునప్పటికి, ఆ పనికి నియమింపబడిన యువకుడు చేతులు కట్టుకొని కూర్చుండుట నేర్చుకొనును. ఈమె మేనేజరు పనిని పగలును, అసిస్టెంటు పనిని రాత్రియు చేయుచుండును. ఎరిగిన పనిని చేయకుండ చేతులు వెనుకకు పెట్టుకొనుట ఎంత కష్టమో, క్రొత్త కోడలికి వంటిల్లు అప్పగించిన అత్తగార్లను అడిగిన చెప్పుదురు.

మనుష్యుల సంగతి ఇంకను చిక్కైనది. అసిస్టెంటుగా ఉన్నన్నాళ్లు తోడి పనివారు స్నేహితులు. ఫిలిప్పీన్సులో ఒకామె చిత్రములు గీయును, పూనాలో ఒకతడు లెక్కలు చూచును. పండుగలకు శుభాకాంక్షలు చెప్పుకొందురు, యజమాని తొందరపాటును గూర్చి చాటున నవ్వుకొందురు. పేరు మారిన దినము నుండి ఆ నవ్వులో ఈమెకు పాలు ఉండదు. గడువు తప్పినచో అడుగవలసినది ఈమెయే. యజమాని ఖర్చు తగ్గింపదలచినప్పుడు “వచ్చే నెల నుండి మీతో పని లేదు” అని చెప్పు పని సాధారణముగా ఈమె నెత్తిననే పడును. దానికి మాటలు ఎట్లు కూర్చుకొనవలెనో ఏ శిక్షణలోను తగినంత నేర్పరు. చెప్పిన పిమ్మట ఆ రాత్రి నిద్ర పట్టకపోవుటను గంటల లెక్కలో వ్రాయుటకు వీలు లేదు.

యజమాని మాత్రము మారెనా అనిన, అదియు సందేహమే. మూడేండ్లు తన టిక్కెట్లు కొన్నవారిని ఒక్క దినమున మేనేజరుగా చూచుట ఎవరికిని సులభము కాదు. “ఈ ఒక్క టిక్కెట్టు చూడుము” అను సందేశము వచ్చుచునే ఉండును. అంతకంటె ఇబ్బంది కలిగించునది వేరొకటి గలదు: ఈమె కుదిర్చిన ఏర్పాటును ప్రక్కకు నెట్టి, యజమాని నేరుగా చిత్రకారిణికి రాత్రికి రాత్రి క్రొత్త పని చెప్పుట. తెల్లవారి ఎవరి మాట వినవలెనో ఎవరికిని తెలియదు. అందుచేత పాత యజమాని వద్దనే పదవి మారుటకంటె, క్రొత్త యజమాని వద్ద మొదటి దినము నుండి మేనేజరుగా చేరుట తేలిక. ఐతే పాతవారే ఈమె పనితనమును ఎరుగుదురు, క్రొత్తవారు ఎరుగరు. కాబట్టి పలువురు కష్టమైన దారినే త్రొక్కుచున్నారు.

ఆదాయమును గూర్చి కొంచెము లెక్క వేయుదము. అసిస్టెంటునకు ఐదుగురు యజమానులు ఉన్నారనుకొనుడు. ఒకరు మానుకొన్నచో రాబడిలో ఐదవ వంతు పోవును. నెల దినములలో మరియొకరు దొరకవచ్చును. మేనేజరుగా ఒక్కొక్క వ్యాపారమును తలలో మోయవలెను గనుక ఇద్దరు, మహా ఐన ముగ్గురు. ఇద్దరిలో ఒకరు మానుకొన్నచో సగము రాబడి ఒక్క ఉత్తరముతో పోవును. నెలకింత అని కట్టిన ప్రతిఫలములో గంటల హద్దు ఉండదు. పని పెరిగినను సొమ్ము పెరుగదు. స్వతంత్రముగా పనిచేయువారికి ప్రావిడెంటు ఫండు గాని, జీతముతో సెలవు గాని లేవు. పన్ను సంగతి ఒకటి చెప్పి ముందునకు పోవుదము. మన రెండు రాష్ట్రములలోను సేవలు అమ్మువారి సాలీనా వ్యాపారము 20 లక్షల రూపాయలు దాటినచో జీఎస్టీ రిజిస్ట్రేషను కావలెను. విదేశపు యజమానికి చేసిన సేవ, నియమములకు లోబడి, ఎగుమతి క్రింద వచ్చును. దానిపై పన్ను లేకుండుటకు అండర్‌టేకింగు పత్రము దాఖలు చేయుదురు. తక్కిన పనివారి జీతములను కూడ యజమాని ఈమె ఖాతాకే పంపి, పంచిపెట్టుమని అడుగుట కలదు. అప్పుడు ఆ మొత్తమంతయు సాధారణముగా ఈమె వ్యాపారముగానే లెక్కకు వచ్చును. కావున ఒప్పుకొనుటకు ముందు ఆడిటరును అడుగుట మేలు.

ఇంటిలోని వారికి ఒక మాట చెప్పవలసియున్నది. అసిస్టెంటుగా ఉన్నప్పుడు ఆమె వ్రేళ్లు కదలుచుండును. కనుక పని చేయుచున్నదని అందరును నమ్మిరి. ఇప్పుడు ఆమె మాట్లాడుచున్నది, లేదా కాగితము ముందు పెట్టుకొని ఊరక కూర్చున్నది. “ఖాళీగానే ఉన్నావు గదా, కాస్త పాలు చూడుము” అని అత్తగారందురు. ఆ ఊరక కూర్చున్న అరగంటలోనే ఎనిమిది వారముల ఏర్పాటు తయారగుచున్నదని చూచువారికి తోచదు. తెల్లవారుజామున 5-30కు ప్రసంగము, ఉదయము 9-30కు న్యూయార్కు అర్ధరాత్రి మూత అనగా, ఆ వారము ఆ ఇంటిలో కాఫీ, టిఫిను, బడి బస్సు ఇంకెవరైన చూచుకొనవలసినదే. ఈ ఒప్పందము యజమానితో చేసికొన్న ఒప్పందముకంటె ముందు కావలెను. చాల ఇండ్లలో తరువాత ఐనను కాదు.

ఇన్ని చెప్పుటవలన మేము ఎవరిని నిరుత్సాహపరచదలచలేదు. వ్యాపారము ఎట్లు నడచునో లోపలి నుండి చూచుట, తాను వేసిన ఏర్పాటు చొప్పున పదిమంది పని సాగుట, చిన్న సంతోషములు కావు. అసిస్టెంటుగానే ఉండి, లెక్కలు గాని ఉత్తరముల జాబితాలు గాని ఏదో ఒక్క పనిలో ఆరితేరి, ధర పెంచుకొని, రాత్రి పదింటికి దీపమార్పి పడుకొనువారును ఉన్నారు. వారిని వెనుకబడినవారని అనుట మాకు నచ్చదు.

మారదలచినవారు మాత్రము యజమానితో కూర్చుండి ఒక కాగితము వ్రాయించుకొనవలెను. ఎంత సొమ్మువరకు అడుగకుండ ఖర్చు చేయవచ్చును, ఎంతవరకు తిరిగి ఇయ్యవచ్చును. గడువు పొడిగించు హక్కు ఎవరిది. పనివారికి పని చెప్పునది ఒక్కరా, ఇద్దరా. పాత చిన్న పనులు ఏ తేదీ నుండి ఎవరికి పోవును. ఏ వేళల యందు పిలువరాదు. మానుకొనుటకు ఎన్ని దినముల ముందు తెలుపవలెను. మొదట మూడు నెలలకు వ్రాసికొని, అమ్మకపు వారము ఒకటి గడచిన పిమ్మట ఆ కాగితమును మరల తీసి, ఇద్దరును కలసి దిద్దుకొనవచ్చును. ఖర్చు, తిరిగి ఇచ్చుట అను మొదటి రెండు అంశముల యెదుట అంకె వేయుటకే యజమాని వెనుకాడినచో, ఆ ఇంటిలో ఆమె ఇంకను అసిస్టెంటే. బిల్లును కూడ గంటల లెక్కననే పంపవచ్చును.