అలెగ్జాండ్రియాలో ఏం మిగిలింది?

ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవు గురించి తరచూ వినపడే మాట, అక్కడ చూడ్డానికి ఏమీ మిగల్లేదని. నిజమే, పేరుమోసిన ఆ గ్రంథాలయం లేదు, ఫారోస్ దీపస్తంభమూ లేదు. అయినా ఆ మాట ఒప్పుకోలేం. 14వ శతాబ్దపు భూకంపాలకు కూలిన దీపస్తంభం చోటే, 1477లో సుల్తాన్ ఖైత్‌బే కోట కట్టించాడు, దాని రాళ్లనూ వాడుకున్నాడు. మిగతా బండలు చాలా పక్కనే సముద్రం అడుగున ఉన్నాయి. 1994 నుంచి పురావస్తు పరిశోధకులు వాటిని గుర్తిస్తూ వచ్చారు. ఫారోస్ దీవిని ఒడ్డుతో కలిపిన పాత గట్టు చుట్టూ ఇసుక మేట వేసి నేలగా మారింది. ఇవాళ దానిమీద ఇళ్లూ బజార్లూ ఉన్నాయి. అంటే పాత పట్నం పోలేదు, రూపు మార్చుకుంది.

రాళ్లు చెదిరిపోయాక చూసేదేముందని అడగొచ్చు. నిలువెత్తు ఆలయాలే కావాలంటే ఏథెన్స్ వెళ్లడమే మంచిది. ఇక్కడ చూడాల్సింది జనాల కలయిక. కోమ్ ఎల్ షొకాఫా భూగర్భ సమాధుల్లోకి దిగండి: గుమ్మం పక్క గోడమీద ఈజిప్టు దేవుడు అనూబిస్, తల నక్కది, ఒంటిమీద రోమన్ సైనికుడి కవచం! ఎంత ధైర్యమైన చెక్కడం! దాన్ని చెక్కించుకున్న కుటుంబానికి ఆ రెండు సంప్రదాయాలూ సొంతమే.