ఫొటో చూపించి ఊరుకోవడం



వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1800లో పుట్టింది. 1814లో బ్రిటిష్ సైన్యం తగలబెడితే, మరుసటి ఏడు మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ నుంచి ఆయన సొంత పుస్తకాలు ఆరున్నర వేల దాకా కొని మళ్లీ నిలబెట్టారు. ఢిల్లీలోని దాని కార్యాలయం మన తెలుగు పుస్తకాలూ సేకరిస్తుంటుంది. అయితే ఇవాళ్టి ముచ్చట పుస్తకాలది కాదు. ఆ గ్రంథాలయం 2006 నుంచి 'టీచింగ్ విత్ ప్రైమరీ సోర్సెస్' పేరుతో పంతుళ్లకు ఇప్పిస్తున్న శిక్షణది. పాత ఉత్తరాలు, పటాలు, ఫొటోల వంటి మూలాధారాలతో పాఠం నడపడం అందులో నేర్పుతారు.

ఒక ఫొటో తీసుకుందాం. 1908, సౌత్ కరోలినాలో ఒక నూలుమిల్లు. బారుగా సాగిపోయిన వడికే యంత్రం, దాని పక్కన ఓ చిన్నపిల్ల. ఫొటో కింది రాతను దాచిపెట్టి, మూడు గడుల కాగితం పంతుళ్ల చేతికిస్తారు. ఏం కనిపిస్తోంది? ఏమనిపిస్తోంది? ఏం తెలుసుకోవాలనుంది? 'పాపం, పేదపిల్ల' అని మొదటి గడిలో రాస్తే ఒప్పుకోరు. పేదరికం కంటికి కనిపించలేదు, మనం అనుకున్నాం. యంత్రం మీదున్న చెయ్యి కనిపించింది, అది రాయాలి. పిల్లల చేత చేయించబోయే పనిని పంతుళ్లు ముందు తామే చేసి చూడాలన్నమాట.

ఆ తర్వాత రాత చూపిస్తారు. పిల్ల ఎత్తు నాలుగడుగులు, ఆరు నెలలుగా పనిలో ఉంది. తీసినాయన లూయిస్ హైన్. ఆయనా న్యూయార్క్‌లో బడిపంతులే. ఆ కొలువు వదిలి, బాలకార్మిక వ్యవస్థ మీద పోరాడే సంఘం తరఫున మిల్లులూ గనులూ తిరిగాడు. కోటు గుండీలను ఆనవాలు పెట్టుకుని పిల్లల ఎత్తు కొలిచేవాడట! చట్టం మార్పించాలన్న పట్టుదలతో తీసిన ఫొటో ఇది. మరి దీన్ని ఎంతవరకు నమ్మాలి? మిల్లు యజమాని ఏమనేవాడు? జనాభా లెక్కల్లో ఏముంది? 1916లో వచ్చిన బాలకార్మిక చట్టాన్ని రెండేళ్లకే అమెరికా సుప్రీంకోర్టు ఎందుకు కొట్టేసింది? గట్టి చట్టం కోసం 1938 దాకా ఎందుకు ఆగాల్సొచ్చింది? ఈ ప్రశ్నలకు పిల్లలే జవాబులు వెతికే, వారాల తరబడి సాగే ప్రాజెక్టు ఇక్కడ మొదలవుతుంది. మన బడుల్లో ప్రాజెక్టంటే చాలాచోట్ల అట్ట మీద అంటించిన బొమ్మలే. అందులో పిల్లవాడి ప్రశ్న ఒక్కటీ ఉండదు.

నన్నడిగితే ఈ శిక్షణలో అన్నిటికంటే కష్టం పంతులు నోరు కట్టేసుకోవడం. జవాబు నాలుక చివరిదాకా వచ్చినా మింగెయ్యాలి.

హైన్ ఫొటోలు ఐదువేలకు పైగా ఆ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అంతదూరం వెళ్లనక్కర్లేదనుకుంటే, మీ బడి బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, పేర్లు కనబడకుండా కాగితం కప్పి, చేరిన తేదీ, మానేసిన తేదీ ఉన్న గడులు పిల్లల ముందుంచండి. ఓ పావుగంట మీరేమీ చెప్పకండి.