పాత యినుమున క్రొత్త మూర్తి



పాత యినుము కొట్టులో త్రాసునకెక్కు వస్తువులను గూర్చి యీ మహాసభలో మేము ప్రసంగింపబూనుట కొందరికి వింతగా దోచవచ్చును. సైకిలు గొలుసులు, పండ్లరిగిన చక్రములు, నట్లు, బోల్టులు మున్నగు పారవేసిన సామానుల నతికి మూర్తులను గావించు శిల్పము పాశ్చాత్యదేశములలో ఇంచుమించు నూరేండ్లుగా వర్ధిల్లుచున్నది. అది చిత్రకారుల కల్పన యని పలువురందురు. ఆ మాట సగమే నిజము. దానికి చేయి నిచ్చినవాడు లోహకారుల యింటి బిడ్డ.

హూలియో గొంజాలెజ్ 1876లో స్పెయిను దేశమందలి బార్సిలోనా నగరమున జన్మించెను. లోహపుపని యతని యింటి విద్య. పారిసునకు బోయి, 1918లో రెనో మోటారుకార్ల కర్మాగారమున గ్యాసు వెల్డింగు నేర్చెను. 1928లో, అప్పటికే జగద్విఖ్యాతుడైన పికాసో ఇనుముతో మూర్తులు చేయగోరి యీతని సాయము నర్థించెను. అట్లు చేసినవానిలో నొక స్త్రీశిరస్సు కలదు. దాని కపాలము వంటయింటి చిల్లుల గిన్నెలు!

పిదప 1942లో పికాసో సైకిలు సీటును, హ్యాండిలును జేర్చి వృషభశిరస్సు గావించెను. చూచువారికి ఎద్దును గనబడును, సైకిలును గనబడును. మేము చిరకాలము వ్యాకరణము చెప్పినవారము గనుక మాకు అలుక్సమాసము స్ఫురించినది. యుధిష్ఠిరశబ్దమున ‘యుధి’ యనుచోట సప్తమీవిభక్తి లోపింపక నిలిచియున్నది, అయినను పదమొక్కటే. ఈ శిల్పమునను అవయవము తన పూర్వజన్మచిహ్నమును విడువరాదు. సీటును గుర్తుపట్టరాకుండ సాగగొట్టినచో ఎద్దు మిగులునేమో గాని, ఆ చమత్కారము మిగులదు.

దొరికినదెల్ల నతికి శిల్పమనువారును గలరు. అతుకుటకంటె ఏరుట కష్టము. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ యౌవనమున మోటారు కర్మాగారమునను, రెండవ ప్రపంచయుద్ధకాలమున రైలింజనుల కర్మాగారమునను పనిచేసినవాడు. 1962లో ఇటలీలోని వోల్ట్రియందు మూతబడిన యుక్కు కర్మాగారమున మిగిలిన పట్టుకారులు, బండిచక్రములు మొదలగువానితో 30 దినములలో 27 మూర్తులు నిలిపెను. అంతటి త్వర అన్నినాళ్లు ఇనుము నడుమ మెలగిన కంటికి గాని అబ్బదు.

యువకులకు రెండు మూడు హెచ్చరికలు. పోత యినుమును ముందు కాచక యతికినచో పగులును. జింకు పూతగల రేకు కాలునపుడు లేచు తెల్లని పొగ జ్వరము దెచ్చును; పూత గీకి, గాలియాడు చోట పనిచేయవలెను. చమురు పీపాయి ఖాళీగా నున్నను నిప్పు చూపరాదు.

తెనాలిలో కాటూరి వేంకటేశ్వరరావుగారును, వారి కుమారులు రవిచంద్రగారును తుక్కు ఇనుముతో నిలువెత్తు విగ్రహములు చేసి పేరొందిరి. మన పిల్లలలో పెక్కురు అదే చేతివాటము గలిగియు గేట్లు, కిటికీచట్రములతో కాలము గడపుచున్నారు. మా శిష్యుడొకడు మూడు మాసములు శ్రమించి చేసిన కొంగను జూచి ఒక ధనికుడు ‘కిలో యెంత?’ అని యడిగెను! పోషకులారా, మన విద్యార్థి వసతిగృహపు ముంగిట స్థలమున్నది. ఈ యేడు అచట నొక మూర్తిని మన పిల్లలచేతనే చేయింపుడు. వెల మాత్రము తూకము ననుసరించి గాక, పనిదినముల లెక్కన ఇప్పింపుడని ప్రార్థించుచున్నాము.