రిజిస్టరులో లేని సంగతులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నిర్వాహకులు నాకు పది నిమిషాలిచ్చి "మీ గురించి చెప్పండి" అన్నారు. నాకు ముందు మాట్లాడినవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్లున్నారు. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. సాధించినవి చెప్పుకోవాలంటే అర నిమిషం చాలు. మిగతా తొమ్మిదిన్నర నిమిషాలూ నా గురించి మీకెవరికీ తెలియని చిన్న చిన్న సంగతులు చెబుతాను. వాటికి ఒక క్రమం లేదు. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చెబుతాను.

మొదటి సంగతి. నాకు పుట్టినరోజులు రెండు. ఒకటి 1963 జూలై 1. అది బడి పెట్టింది. రెండోది మా అమ్మ చెప్పింది. "గోగు నానేసిన రోజులు, అమాస ఇంకా రానేదు, గెడ్డ పొంగింది" అనేది. ఏ సంవత్సరమని అడిగితే "పెద్దాడికి నడక వచ్చినాక" అనేది. మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో చేర్చడానికి మా అయ్య నన్ను తీసుకెళ్లినప్పుడు మాస్టారు నా కుడి చేతిని తల మీంచి తిప్పి, ఎడమ చెవి అందుతుందో లేదో చూశారు. అందింది. బడి వయసు వచ్చిందని తేల్చి, కలం తీసి జూలై 1 అని రాసేశారు. ఈ సభలో జూలై 1న పుట్టినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా! ఒకే రోజు మన ప్రాంతంలో ఇంతమంది ఎలా పుట్టారో ఆ మాస్టార్లకే తెలియాలి. 

నవ్వు అలా ఉంచితే, ఆ తారీకుతోనే నా ఉద్యోగం, నా పెన్షను నడిచాయి. జూలై 1న పుట్టినవాడు జూన్ 30న దిగిపోవాలి. అలాగే 2025 జూన్ 30న దిగిపోయాను. మా అమ్మ లెక్కే నిజమైతే ఇంకో మూడు నెలల జీతం వచ్చేది. గెడ్డ పొంగిన సంగతి ఏ సర్వీసు రూల్సులో ఉంటుంది చెప్పండి!

రెండో సంగతి. నేను ఇల్లు కదలకుండా జిల్లా మారినవాణ్ణి. తొమ్మిదో తరగతి దాకా నా పుస్తకాల అట్టల మీద "గజపతినగరం తాలూకా, విశాఖపట్నం జిల్లా" అని రాసుకున్నాను. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. విశాఖపట్నం జిల్లా నుంచి విజయనగరం, మన గజపతినగరం, శృంగవరపుకోట వైపు ప్రాంతాలూ, శ్రీకాకుళం జిల్లా నుంచి బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి ప్రాంతాలూ అందులోకి వచ్చాయి. అదే నెలలో మేం పదో తరగతిలో చేరాం. కొత్త పుస్తకాలకు కొత్త అట్టలు, వాటి మీద కొత్త జిల్లా పేరు. సోషల్ మాస్టారు గోడ మ్యాపు మీద సుద్దముక్కతో సరిహద్దు గీశారు. చాన్నాళ్లు ఆ సుద్దగీతే మాకు జిల్లా.

సాలూరులో మా మేనత్త సంగతి ఇంకా చిత్రం. ఆవిడ పుట్టేనాటికి సాలూరు విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వీధిలో. ఆ వీధి దాటకుండా నాలుగు జిల్లాలు చూసింది. "నాను ఎక్కడికీ ఎల్లనేదు నాయినా, జిల్లాలే వొచ్చి ఎల్లిపోనాయి" అంటుంది.

మూడో సంగతి. జీవితంలో నేను తిన్న అతి రుచికరమైన కోడికూర 1979 జూలైలో తిన్నాను. ఆ నెల స్కైలాబ్ పడిపోతోందని రేడియోలో చెప్పారు. అమెరికావాళ్ల అంతరిక్ష ప్రయోగశాల, డెబ్బై టన్నులకు పైన బరువు, ఎక్కడ పడుతుందో కచ్చితంగా ఎవరూ చెప్పలేకపోయారు. ఊళ్లో పెద్దలు అది మన మీదే పడుతుందని తేల్చేశారు. ఎలాగూ పోతాం కదా అని పండక్కి దాచిన కోళ్లనూ మేకలనూ కోసేశారు. అప్పులవాళ్లు అడగడం మానేశారు, ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వడం మానేశారు. మా ఇంట్లో పుంజును కోసి మా అమ్మ ముక్కలన్నీ పిల్లలకే వేసింది. జూలై 11న ఆ స్కైలాబ్ కాస్తా వెళ్లి హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ ముక్కలై పడింది. మర్నాడు ఊరంతా బతికే ఉంది, కోళ్లు మాత్రం లేవు. అప్పులవాళ్లు పొద్దున్నే అరుగుల మీదకు వచ్చి కూర్చున్నారు.

ఆ ఏడాదే, 1980 ఫిబ్రవరి 16న, సూర్యగ్రహణం వచ్చింది. వీధిలో మనిషి లేడు. గర్భిణీ స్త్రీలను కదలనివ్వలేదు. మా సైన్సు మాస్టారు మాత్రం మమ్మల్ని నలుగురైదుగుర్ని పోగుచేసి, అట్టముక్కకు గుండుసూదితో కన్నం పెట్టి, ఆ కన్నంలోంచి గోడ మీద పడ్డ సూర్యుణ్ణి చూపించారు. కొరికిన అప్పచ్చిలా ఉన్నాడు. "ఆకాశంకేసి చూడకండర్రా, గోడకేసి చూడండి" అన్నారు. తరవాత ఉద్యోగంలో ఏ పుకారు విన్నా నేను ముందు గోడకేసి చూడ్డం నేర్చుకున్నాను.

నాలుగో సంగతి. నాకు గోగునార వాసనంటే ఇష్టం. ఇది చెబితే మా పిల్లలు ముక్కు మూసుకుంటారు. గోగు కోసి, కట్టలు కట్టి, గెడ్డల్లోనూ చెరువుల్లోనూ ముంచి, మీద బరువులు పెట్టి నానబెడతారు. వారాలు గడిచాక బెరడు కుళ్లి నార వదులుతుంది. అప్పుడు నడుం లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్క కట్టా విప్పి, నార లాగి, జాడించి, దండేల మీద ఆరేస్తారు. ఆ నార నెల్లిమర్ల లాంటి చోట్ల మిల్లులకు వెళ్లి గోనెలయ్యేది. మిగిలిన పుల్లలు పొయ్యిలోకి, దడులకి. ఆ రోజుల్లో బడికి వచ్చే పిల్లల్లో సగం మంది బట్టలకు ఆ కుళ్లు వాసన ఉండేది. కానీ ఆ నార అమ్మిన డబ్బుతోనే మా ఫీజు, మా పుస్తకాలు, దసరాకి కొత్త చొక్కా. ఆ చొక్కా తొడుక్కునే విజయనగరం పైడితల్లమ్మ సిరిమానుకు వెళ్లేవాళ్లం. చంపావతి వంతెన మీదుగా బస్సు వెళ్తుంటే ఇప్పటికీ నా ముక్కు ఆ వాసన వెతుక్కుంటుంది. ఇప్పుడు గోగు తగ్గిపోయింది, వాసనా తగ్గిపోయింది.

దీనికి అనుబంధంగా ఒక చిన్న సంగతి. మధ్యాహ్నం నేను తెచ్చుకునేది చోడి అంబలి, ఉల్లిపాయ. కేరేజీ తెచ్చుకునేవాళ్లకు దూరంగా, చింతచెట్టు అవతల కూర్చుని తాగేవాణ్ణి. ఇవాళ అదే చోడిపిండిని రాగిమాల్ట్ అని డాక్టరు నాకు చీటీ మీద రాసిస్తున్నాడు.

అయిదో సంగతి. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను ఒక ఏడాదిపాటు "లేదు" అనడం ప్రాక్టీసు చేశాను. నా నోట్లో సహజంగా వచ్చేది "నేదు". "ఏటి" అంటే నవ్వేవారు, "ఎల్లిపోనాడు" అంటే మళ్లీ చెప్పించుకుని మరీ నవ్వేవారు. క్రమంగా పట్నం తెలుగు వచ్చింది. కానీ కోపం వచ్చినప్పుడూ, జ్వరం వచ్చినప్పుడూ నేనిప్పటికీ "నేదు" అనే అంటానని మా ఆవిడ సాక్ష్యం.

ఈ మాట మీద ఒక విషయం చెప్పాలి. తెలుగువాళ్లు పుస్తకాల్లో కూడా మాట్లాడే భాషే రాయాలని పోరాడినవాళ్లు ఇద్దరూ మనవైపువాళ్లే. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టి, చీపురుపల్లిలో చిన్నప్పటి చదువు చదివి విజయనగరం వచ్చారు. గిడుగు రామమూర్తిగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి పోతే విజయనగరంలో మేనమామగారింట్లో ఉండి చదువుకున్నారు. అక్కడ మహారాజావారి బడిలో వీరిద్దరూ సహాధ్యాయులు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడించినది ఒకరు. సవరభాష నేర్చుకుని సవరల పిల్లలకు బళ్లు పెట్టినది, వాడుక భాష కోసం జీవితమంతా వాదించినది మరొకరు. రామమూర్తిగారు పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ మేనమామగారు "నా వల్ల కాదు, ఊరికి పంపేయండి" అని ఉంటే? ఒక పిల్లవాడు బడిలో నిలబడ్డానికి ఒక్కోసారి కావలసింది తెలివి కాదు, తలదాచుకోడానికి ఒక ఇల్లు, పూటకింత ముద్ద.

అందుకే ఆరో సంగతి ఆఖరికి దాచాను. ఇది నా గురించి కాదు గానీ, ఇది లేకుండా నా సంగతులు పూర్తి కావు. ఆరో తరగతిలో మా సెక్షనులో మేం నలభై రెండు మందిమి. పదో తరగతి గ్రూపు ఫొటోలో పంతొమ్మిది మందిమి ఉన్నాం. మిగిలిన ఇరవై ముగ్గురూ ఏమయ్యారు? కొందరు గోరువులు కాయడానికి ఆగిపోయారు. కొందరు తాపీ పనికి హైదరాబాదో మద్రాసో వెళ్లిపోయారు. ఆడపిల్లల్లో చాలామంది ఏడో తరగతి పరీక్షతో ఆగిపోయారు.

వాళ్లలో ఒకావిడ లెక్కల్లో మా అందరికన్నా ముందుండేది. మాస్టారు బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేలోపే జవాబు చెప్పేసేది. ఏడో తరగతి తరవాత రాలేదు. ఇంట్లో చంటిపిల్లలున్నారు, చూసుకునే మనిషి కావాలి. అంతే కారణం. మొన్నీమధ్య కూరగాయల సంతలో కనబడింది. వంకాయలు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు వేరు వేరు ధరల్లో తూచి, కాగితం, సెల్లు ముట్టుకోకుండా మొత్తం చెప్పేసింది. ఆ చెప్పడంలోనే గుర్తుపట్టాను. ఊరి పేరు చెప్పి, ఫలానావారి పిల్లవి కాదూ అన్నాను. కొంచెంసేపు చూసి, "ఓలమ్మా, అంబలి గుంటడివి నువ్వేటి!" అంది. చింతచెట్టు అవతల నన్నెవరూ చూడలేదనుకున్నాను. నలభై ఏళ్లకు పైగా ఆవిడ ఆ సంగతి దాచిపెట్టుకుంది.

స్వర్ణోత్సవాలు జరుగుతున్నాయి, రమ్మన్నాను. "నానేడుతోటి ఆగిపోనాను కదా బావూ, నాకేటి పిలుపు?" అంది. మాట తేలిగ్గానే అంది, చేతులు కాయలు సర్దుతూనే ఉన్నాయి. వంకాయలు రెండు ఎక్కువేసి ఇచ్చింది.

మన సంఘం సభ్యత్వ పత్రంలో ఒక గడి ఉంది, "పదో తరగతి పాసైన సంవత్సరం" అని. ఆ గడి నింపలేనివాళ్లు మన జాబితాలో లేరు. పాసవడం గొప్పే, కాదనను. కానీ పూర్వ విద్యార్థి అంటే పాసైనవాడా, చదివినవాడా? నాతో బెంచీ మీద కూర్చున్న మనిషి, నా ఎక్కాల తప్పులు దిద్దిన మనిషి, నా అంబలి సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి, నాకు సహాధ్యాయి కాదా?

అందుకని సంఘానికి రెండు విన్నపాలు. ఒకటి, ఆ గడిని "ఈ బడిలో చదివిన సంవత్సరాలు" అని మార్చండి. ఒక్క ఏడాది చదివినా సభ్యులే. పేర్లకు వెతుక్కోనక్కర్లేదు. అడ్మిషను రిజిస్టరులో ఆరో తరగతిలో చేరిన ప్రతి పేరూ ఉంది. ప్రధానోపాధ్యాయులవారు అనుమతిస్తే, నాకిప్పుడు తీరికే తీరిక, బ్యాచికొకరు తోడొస్తే ఊరూరా తిరిగి ఆ పేర్ల మనుషుల్ని వెతుకుతాను. బొండపల్లి, మెంటాడ, దత్తిరాజేరు వైపు ఊళ్లన్నీ నాకు సైకిలు మీద తిరిగినవే.

రెండోది, ఇప్పుడు మన సంఘం ఇస్తున్న ఉపకారవేతనాలు పదిలో మంచి మార్కులు వచ్చినవాళ్లకు. అవి ఉండనివ్వండి. వాటితోపాటు, ఏడో ఎనిమిదో చదువుతూ ఇంటి ఇబ్బందుల వల్ల ఆగిపోయేలా ఉన్న పిల్లల కోసం ఒక నిధి పెట్టండి. ఎవరు ఆగిపోబోతున్నారో క్లాసు టీచర్లకు ముందే తెలుస్తుంది. వరసగా నాలుగు రోజులు హాజరుపట్టీలో ఆబ్సెంటు పడితే కనుక్కోవచ్చు. నా పెన్షనులోంచి ఏటా ఒక నెలది ఆ నిధికి ఇస్తానని ఈ సభలో చెబుతున్నాను. గెడ్డ పొంగిన ఆ మూడు నెలల జీతం ప్రభుత్వం ఇస్తే అదీ ఇచ్చేస్తాను.

మీరంతా కూడా మీ గురించి ఇలాంటి సంగతులు ఒక అయిదు రాసి సంఘానికి ఇవ్వండి. హోదాలు వద్దు. ఏం తిన్నారు, దేనికి భయపడ్డారు, పక్కన ఎవరు కూర్చునేవారు అన్నవి రాయండి. పక్కన కూర్చున్న మనిషి పేరు రాస్తే చాలు, మనం వెతకాల్సిన జాబితా దానంతటదే తయారవుతుంది.

నా పది నిమిషాలూ అయిపోయినట్టున్నాయి.  సెలవు.